బాయి బంగ్లా

రేగడివాడి బంగ్లాలో రాత్రి నిద్రపోయి పొద్దున లేచిన డాక్టరు ఒక్కడూ లేడు. దెయ్యం పీక పిసికి చంపిందని కాదు... అసలు ఎవడైనా కన్ను మూస్తే కదా!

నాందేడ్ నుంచి బిలోలికి ఒక బస్సు, అక్కడి నుంచి మంజీర దిక్కుకు ఇంకో బస్సు. దిగితే రేగడివాడి. ఊళ్లో సగానికి పైగా తెలుగు మాటే. ఊరి చివర, పత్తిచేల మొదట్లో సర్కారు కట్టిన పెంకుటిల్లు ఒకటి ఉండేది. అదే బంగ్లా. ముందు గదిలో దవాఖానా, వెనక గదుల్లో డాక్టర్ల పడక.

డాక్టర్లంటే పూర్తి డాక్టర్లు కారు. పరీక్షలు రాశాక, పట్టా చేతికి రాకముందు, పల్లెలో కొన్నాళ్లు పని నేర్చుకోవాల్సిన పిల్ల డాక్టర్లు. జనం మధ్య రాత్రింబవళ్లు ఉంటే గాని వైద్యం వంటబట్టదని పైవాళ్లెవరికో జ్ఞానోదయమైంది. ఎమర్జెన్సీ పోయి జనతా సర్కారు వచ్చిన కొత్తలో సంగతి ఇది. జ్ఞానోదయం పైవాళ్లకు, బస్సు ప్రయాణం కిందివాళ్లకు.

మొదట్లో వచ్చినవాళ్లు రాత్రిళ్లు ఉండేవాళ్లు. తలుపులు బిగించుకుని, లాంతరు పెద్దది చేసుకుని, తెల్లవార్లూ పేకాడుతూ ఉండేవాళ్లు. ఎందుకు నాయనా అంటే... గొంతు తగ్గించి ఒకటే మాట.

"వెనకాల బాయి ఉంది."

మరాఠీలో బాయి అంటే ఆడమనిషి. ఇంత చిన్న మాట చాలు, మిగతాది కాలేజీ హాస్టలు పూర్తి చేసింది. ఒకడు ఆమెకు తెల్లచీర కట్టాడు. ఇంకొకడు జుట్టు విరబోశాడు. పాదాలు వెనక్కి తిప్పినవాడు శవపరీక్షల పాఠంలో ఫస్టు మార్కువాడు.

అట్లాగని ఆ కథ గాల్లోంచి పుట్టలేదు. బంగ్లాలో వంట చేసిపెట్టే ముసలమ్మ కాశీబాయే చెప్పింది. ఆమెది తెలుగు. మరాఠీ వచ్చీరాదు. తెలుగూ మరాఠీ హిందీ కలిపి అంబలి కాచినట్టు కాచి పోసేది. వెనక్కి పోవద్దు, బాయి ఉంది, నిజాం కాలం నుంచీ అక్కడే ఉంది, నోరు తెరుచుకుని ఉంటుంది, ఇప్పటికి ఒకణ్ణి మింగింది... ఇదీ ఆమె చెప్పిన సంగతి. రాత్రిపూట కనిపిస్తుందా అని ఒక పిల్ల డాక్టరు ధైర్యం చేసి ఊళ్లో అడిగాడు. కనిపించదు సాబ్, కనిపిస్తే వాడెందుకు పోతాడు అని ఊరివాడు నిట్టూర్చాడు.

ఇక చాలదా! వెనక తలుపుకు మేకులు కొట్టేశారు. పట్టపగలు కూడా ఆ పక్కకు వెళ్లి చూసినవాడు లేడు. మనిషి శరీరంలో ఉన్న ఎముకలన్నీ పేరుపేరునా అప్పజెప్పగల మహానుభావులు, పడుకునే ఇంటి వెనక ఏముందో చూసుకోలేదు.

ఆ మరుసటేడు వానాకాలంలో ఒక రాత్రి... కుండపోత. ఆ వానలో ఎవరో వెనక తలుపు కొట్టారు.

ఆడగొంతు. ఏడుస్తూ, మొత్తుకుంటూ, ఏదో అర్థంకాని భాష. మధ్యమధ్య దబదబా తలుపు మీద అరిచేతులు. లోపలున్న పిల్ల డాక్టర్లు మందుల బీరువా జరిపి తలుపుకు అడ్డం పెట్టారు. బీరువాకు వీపు ఆనించి ముగ్గురూ కళ్లు మూసుకుని కూర్చున్నారు. చాలాసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది. తెల్లారి మొదటి బస్సుకే పెట్టెలు సర్దుకుని ఉడాయించారు.

అప్పటి నుంచి ఆ బంగ్లాలో రాత్రి ఉన్నవాడు లేడు. పొద్దెక్కాక దిగేవాళ్లు, పొద్దువాలక ముందే బస్సెక్కి బిలోలి లాడ్జికి చేరేవాళ్లు. ఊరివాళ్లు మాత్రం, బాయి ఇప్పటికి ఇద్దరిని మింగిందని చెప్పడం మొదలుపెట్టారు. రెండో మనిషి ఎవరని అడిగిన డాక్టరు లేడు.

ఇక ప్రొఫెసర్ చిట్నీస్‌గారి దగ్గరికి వద్దాం.

కాలేజీలో ఆయన పెద్ద తలకాయ. రోగిని ముట్టుకుని ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. ఆయన చూసేది రోగులను కాదు, డాక్టర్లను. కాబోయే డాక్టర్లకు చదువెలా చెప్పాలి, పల్లెల్లో ఎలా తర్ఫీదు ఇవ్వాలి అన్నది ఆయన పరిశోధన. ప్రశ్నల కాగితాలు అచ్చేయించి పంచేవాడు. పల్లెసేవ నీకు తృప్తినిచ్చిందా? చాలా, ఓ మోస్తరు, తక్కువ. పిల్లలు "చాలా" దగ్గర గీత గీసి మధ్యాహ్నం బస్సెక్కేవాళ్లు. ఆ "చాలా"లన్నీ మూటగట్టుకుని ఆయన బొంబాయి సభల్లో చదివి చప్పట్లు కొట్టించుకునేవాడు.

అంతటివాడికి బాయి సంగతి చేరింది. ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. ఈయన ఇంకో అడుగు ముందుకేసి దూడకు పేరు కూడా పెట్టాడు. 'స్త్రీ పిశాచ భయం, వైద్య విద్యార్థుల మనోధైర్యం' అని పుస్తకంలో ఒక అధ్యాయమే తెరిచాడు. టేపు రికార్డరు మోయించుకుని వచ్చి ఒక పూటంతా కాశీబాయిని మాట్లాడించాడు. ముసలమ్మ పాపం రెండు చేతులూ చాచి, గుండ్రంగా ఇంత ఉంటుంది సాబ్ అని చూపించింది కూడా. చిట్నీస్ "స్థూలకాయ" అని రాసుకున్నాడు.

తిరిగి వెళ్లాక క్లాసులో ఆయన ఒక మాట అడిగాడు. మీలో ఆ ఊరి తెలుగు వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. ఒక్క చెయ్యి లేవలేదు. చూశారా, విద్యార్థికీ జనానికీ మధ్య ఎంత అగాధమో అని ఆయన మురిసిపోయి అదీ అధ్యాయంలో ఎక్కించాడు.

లేవాల్సిన చెయ్యి ఒకటుంది. అది మాణిక్ గందెవార్‌ది.

మాణిక్‌ది నాందేడే. ఇత్వారా బజారులో తాతలనాటి కిరాణా దుకాణం. ఇంట్లో పుట్టుక నుంచి చావు దాకా అంతా తెలుగే. దూరాన ఉన్న కాలేజీ హాస్టల్లో చేరిన కొత్తలో ఎవడో 'ఏయ్ తెలంగీ, అండాగుండా' అని తెలుగును వెక్కిరిస్తూ నవ్వాడు. ఆనాటి నుంచి మాణిక్ నాలుక మార్చేశాడు. తండ్రి సుబ్బయ్య ఊరగాయ జాడీ పట్టుకుని చూడవస్తే గేటు బయటే నిలబెట్టి మరాఠీలో మాట్లాడేవాడు. సుబ్బయ్య తెల్లబోయి, టోపీ సర్దుకుని, తనూ మరాఠీలోనే బాగున్నావా అని కొడుకును అడిగి వెళ్లిపోయేవాడు. ఇంతకన్నా ఏం చెప్పాలి ఆ ప్రబుద్ధుడి గురించి!

ఇప్పుడు సరిగ్గా రేగడివాడి బంగ్లాకే పడింది అతని వంతు. ముసలివాళ్లు వచ్చి కడుపుల దేవుతుందనో, కాళ్లు గుంజుతున్నయనో చెప్పుకునేవాళ్లు. మాణిక్‌కు అక్షరం అక్షరం తెలిసేది. అయినా మొహం రాయి చేసుకుని, ఆ మాటను ఎవరో మరాఠీలోకి తిప్పి చెప్పేదాకా కూర్చునేవాడు. ఆ అలవాటు ముదిరి, రానురాను తెలుగు చెవిన పడితే చెవే మూసుకుపోయేది.

అతని ఆశల్లా పైచదువు సీటు మీద. అది చిట్నీస్ ఒక్క మాటతో వస్తుంది, ఒక్క మాటతో పోతుంది. తెలుగు వచ్చి కూడా రాదన్నాడనీ, నెలల తరబడి రోగుల మాట తెలిసీ తెలియనట్టు కూర్చున్నాడనీ బయటపడితే సీటు సంగతి అటుంచి, కాలేజీలో మొహం ఎత్తుకోలేడు. సీటు కావాలి, తెలుగు దాగాలి. మాణిక్ బతుకంతా ఆ రెండింటి మధ్యే ఇరుక్కుని ఉంది.

శివరాత్రి పోయి నెల కావొస్తోంది. చిట్నీస్ తనే ఒక రాత్రి బంగ్లాలో ఉంటానని ప్రకటించాడు. చీకట్లో బాయి ఉండేచోట నడుస్తాడట. అడుగడుక్కీ మైకులో చెప్పి టేపులో ఎక్కిస్తాడట. దాన్ని క్లాసులో వినిపిస్తే కాబోయే డాక్టర్ల భయం పోతుందట. తోడుగా మాణిక్‌ను రమ్మన్నాడు. ఈ పని సరిగ్గా జరిగితే నీ సీటు మాట నేను చూసుకుంటాను అని భుజం తట్టాడు. మాణిక్‌తో పాటే వంతు పడిన బాబురావ్ కూడా తప్పక వచ్చాడు.

పొద్దుగూకే వేళకు చేరారు. కాశీబాయి జొన్నరొట్టెలు కాల్చి, పుంటికూర పప్పు చేసి గిన్నెల మీద మూతలు పెట్టింది. చిన్న మూట ఒకటి చంకన పెట్టుకుని, గడపలో నిలబడి, బస్సు రోడ్డు వైపు చెయ్యి చూపిస్తూ మాణిక్‌తో తెలుగులో ఏదో చెప్పుకొచ్చింది. ఎప్పటిలాగే అతని చెవి మూసుకుంది. మొహం లాంతరు వైపు తిప్పుకుని మరాఠీలో సరే సరే అన్నాడు. ముసలమ్మ వెళ్లిపోయింది.

తిండి అయింది. చిట్నీస్ భయం గురించి ఇంగ్లీషులో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. బాబురావ్ వింటూనే మెడలో తాయత్తు తడుముకుంటున్నాడు.

ఊరు సద్దుమణిగింది. అమావాస్య ముందరి రాత్రి. చుక్కలు తప్ప వెలుగు లేదు.

మేకులు పీకి వెనక తలుపు తెరిచారు. తలుపు కిర్రుమంది. ఎదురుగా నడుమెత్తు ఎండుగడ్డి, దాని వెనక తుమ్మపొదలు, ఇంకా వెనక... చీకటి.

చిట్నీస్ టేపు రికార్డరు భుజాన తగిలించుకున్నాడు. మైకు చేత్తో పట్టుకున్నాడు. మాణిక్ బ్యాటరీ లైటు అందించబోతే వద్దన్నాడు. వెలుతురుంటే ప్రయోగం చెల్లదట. చదువు ముదిరితే ఇంతే... కళ్లుండీ మూసుకోవడానికి ఒక సిద్ధాంతం దొరుకుతుంది.

"నేను ఇప్పుడు గడప దాటాను. బాయి జాడ లేదు" అన్నాడు మైకులో, మరాఠీలో. గడ్డిలోకి అడుగుపెట్టాడు.

సరసర... సరసర...

మాణిక్ గడపలో నిలబడ్డాడు. బాబురావ్ అతని వెనక, చొక్కా పట్టుకుని.

"బాయి జాడ లేదు" అని మళ్లీ వినిపించింది. గొంతులో గర్వం.

అప్పుడు... ఎక్కడి నుంచో...

"సారూ... బాయి..."

సన్నటి ఆడగొంతు. తుమ్మపొదల వైపు నుంచి.

బాబురావ్ పళ్లు టకటకా కొట్టుకున్నాయి. గడ్డిలో సరసర ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత చిట్నీస్ గొంతు, కొంచెం వణుకుతూ, అంతకు రెట్టింపు ఉత్సాహంగా, బాయి తన పేరు తనే చెప్పుకుంటోందని మైకులో చెప్పింది. మళ్లీ సరసర... ఈసారి గబగబా, ఆ గొంతు దిక్కుకే.

"సారూ... ఆగున్రి... బాయి... బాయి..."

మాణిక్ తలుపు రెక్క పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"అగొ... బాయిల పడ్తడు..."

బాయిల.

ఒక్క అక్షరం. ఆ 'ల' దగ్గర, ఇన్నాళ్లూ మూసుకుపోయిన చెవి ఫట్టున తెరుచుకుంది. ఆడమనిషిలో ఎవరైనా పడతారా? బాయి కాడికి పోకురా, బాయిల పడ్తవురా అని నాయనమ్మ లీలాబాయి చిన్నప్పుడు రెక్క పట్టుకుని ఎన్నిసార్లు లాగలేదు! బాయి ఆడమనిషి కాదు. దెయ్యం కాదు. తెలుగు బాయి. బావి. గట్టు లేని, గడ్డి కమ్మిన, నోరు తెరుచుకుని ఉన్న పాడుబావి!

ఇంతమంది పిల్ల డాక్టర్లను హడలగొట్టినది, ప్రొఫెసర్ పుస్తకంలో ఒక అధ్యాయానికి ఎక్కినది... బావి.

మరాఠీలో బావికి విహీర్ అని పేరు. ఆ ఒక్క మాట అరిస్తే చాలు. మాణిక్ నోరు తెరిచాడు కూడా.

"నువ్వన్న చెప్పు బిడ్డా..." ఆ గొంతు ఇప్పుడు ఎంతో దగ్గరగా, చెవి పక్కనే అన్నట్టు, మెల్లగా... "నీకస్తది గద."

తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

నీకెట్లా తెలిసిందని రేపు అడిగితే? ఆ భాష నీకెట్లా అర్థమైందని నిలదీస్తే? క్లాసులో లేవని చెయ్యి... సీటు... 'తెలంగీ' అన్న ఆ నవ్వు... ఒక్క ఊపిరిలో ఇవన్నీ వచ్చాయి. ఒక మనిషి ప్రాణం అటుపక్క, తన పరువు ఇటుపక్క. ఆ ఊపిరంతసేపూ మాణిక్ త్రాసు పట్టుకుని నిలబడ్డాడు. కోమటి దుకాణంలో పుట్టినందుకు తూకం వెయ్యడం అయితే వచ్చింది. తూచకూడనిది ఏదో తెలియలేదు. థూ!

"బాయి జాడ..." అంటున్నాడు చిట్నీస్.

మాట ఆగిపోయింది. గడ్డి చప్పుడు ఆగిపోయింది.

ధబ్.

తర్వాత చాలా కింద నుంచి, భూమి కడుపులోంచి వచ్చినట్టు ఒక మూలుగు. "మాణిక్... మాణిక్..."

బాబురావ్ ముందు తలుపు బద్దలు కొట్టినంత పని చేసి ఊళ్లోకి పరుగు తీశాడు. వాడు అరిచిన అరుపు మరాఠీలో ఒకటే. "బాయీనీ సరాంనా నేలం!" బాయి మా సారును తీసుకుపోయింది అని. ఇక సారు లేడని, ఊరంతా తలుపులేసుకోవాలని వాడి ఉద్దేశం.

ఊరివాళ్లకు మరాఠీ రాక కాదు. కానీ బంగ్లా వెనక ఏముందో తెలిసినవాళ్లు గనక, బాయి తీసుకుపోయిందంటే వాళ్లకు అర్థం కావాల్సిందే అర్థమైంది. లాంతర్లు వెలిగాయి. దెయ్యం మీదికి జనం మోకులూ గంపా పట్టుకుని, ఏ బెదురూ లేకుండా వరసగా నడిచిపోతుంటే బాబురావ్ నోరు వెళ్లబెట్టాడు.

వేసవి గనక నీళ్లు నడుములోతే. అడుగున బురద. చిట్నీస్ బతికే ఉన్నాడు. కుడికాలు మోకాలి కింద విరిగింది. టేపు రికార్డరు మాత్రం బురదలోకే పోయింది.

మోకు కట్టుకుని దిగినవాడి పేరు నాగనాథ్. నలభై దాటిన రైతు. తక్కువ మాటల మనిషి. పైన మోకు పట్టుకున్నవాళ్లు తెలుగులో మాట్లాడుకుంటున్నారు. పక్కన నిలబడ్డ డాక్టరుకు ఆ భాష రాదు కదా, ఇక గొంతు తగ్గించడం ఎందుకు?

ఇదే మోకు ఆ వానాకాలం నాడు ద్రౌపదికి అందకపోయిందని ఒకడన్నాడు. నాగనాథ్ భార్య ద్రౌపది. కోడలు నొప్పులు పడుతుంటే డాక్టరు కోసం వానలో వచ్చింది. చేను మీదుగా వెనక తలుపే దగ్గర.

"కొట్టి కొట్టి అలిసింది. లోపట్నే ఉన్నరు. తియ్యలే" అన్నాడు ఇంకొకడు. "మర్లి పోతాంటే బాయిల పడె. కోడలు బతికింది. పిలువ అచ్చినామెనే పాయె."

బావిలోంచి నాగనాథ్ గొంతు వచ్చింది.

"గట్టిగ పట్టున్రి. సారు బరువున్నడు."

ప్రతి మాటా మాణిక్‌కు సూదిలా దిగింది. అంత సిగ్గు అతను పుట్టాక ఎరగడు. ఆ బీరువాకు వీపు ఆనించినవాళ్లలో తను లేడు, నిజమే. కానీ ఉంటే? ఆ ఏడుపు అతనికి అర్థమయ్యేది. అర్థమైనా తలుపు తీసేవాడా? ఇప్పుడే కదా జవాబు దొరికింది.

చిట్నీస్‌ను మంచం మీద పడుకోబెట్టారు. విరిగిన కాలికి బద్దలు కట్టాలి. పిల్ల డాక్టర్లిద్దరూ ఎముక పేరు వెంటనే చెప్పారు. కట్టు ఏ వైపు నుంచి మొదలుపెట్టాలన్న దగ్గర వాదన వచ్చింది. తెల్లారాక మంచంతో సహా ఎద్దుబండి ఎక్కించారు. మాణిక్ కట్టిన కట్టు ఆ బండి మొదటి కుదుపుకే జారి పాదం మీదికొచ్చింది.

చిట్నీస్ గావుకేక పెట్టి, ఇట్లా కట్టమని మీకెవడు నేర్పాడురా అన్నాడు.

"మీరే సర్" అన్నాడు బాబురావ్, ఎంతో వినయంగా.

నొప్పి కాస్త తగ్గాక ఆయనకు పరిశోధన గుర్తొచ్చింది. బావిలో పడ్డానని ఒప్పుకుంటే అధ్యాయం ఏం కావాలి? ఎవరో చల్లని చేత్తో వీపు మీద తోశారన్నాడు. బాయి పేరు చెప్పి పిలిచి మరీ తోసిందన్నాడు. బస్సు రోడ్డుకు చేరేలోపు ఆ చెయ్యికి గాజులు కూడా వచ్చాయి. అప్పుడు మాణిక్ వైపు తిరిగి, చివర్లో అది ఏదో వాక్యం అన్నది కదా, నీకేమైనా తెలిసిందా అని అడిగాడు.

ఇంకో అవకాశం. పగటి వెలుగులో, ఆలోచించుకోవడానికి కావలసినంత టైముతో.

"లేదు సర్. ఆ భాష నాకు రాదు" అన్నాడు మాణిక్.

చిట్నీస్ కళ్లు మూసుకుని తృప్తిగా తలాడించాడు. నీ సీటుకు ఢోకా లేదన్నాడు. విరిగిన కాలితో కూడా మాట నిలబెట్టుకునే పెద్దమనిషి.

బిలోలి నుంచి వచ్చే బస్సు రోడ్డు మీద ఆగింది. అదే తిరిగి బిలోలికి పోతుంది, అక్కడి నుంచి జీపులో నాందేడ్ పెద్దాసుపత్రికి. జనం దిగుతుంటే వాళ్ల మధ్య, చంకలో మూటతో కాశీబాయి దిగింది. మంచం మీద ప్రొఫెసర్‌ను చూసి ముక్కున వేలేసుకుంది.

మాణిక్ లెక్క వేసుకున్నాడు. రాత్రి గొంతు ఈమెదే. 'నీకస్తది గద' అన్నది ఈమే. చిట్నీస్ ముందు ఆ మాట మళ్లీ అన్నదంటే చేతికందిన సీటు నోటికందదు. గబగబా వెళ్లి ముసలమ్మను చెట్టు చాటుకు తీసుకెళ్లాడు. ఎన్నో ఏళ్ల తర్వాత అతని నోట తెలుగు వచ్చింది, గుసగుసగా, దొంగతనంగా.

"అమ్మా, నీ కాళ్లు మొక్కుత. రాత్రి బాయి కాడ నాతోని అన్న మాట ఎవ్వలకు చెప్పకు."

కాశీబాయి అతని మొహంలోకి వింతగా చూసింది.

"రాత్రి నేనేడున్న సారు? బిడ్డ తాన్కి బిలోలికి పోతున్న, రొట్టెలు పెట్టిన తినున్రి అని నీకే చెప్పి బస్సెక్కితి గద. ఇగో, ఇప్పుడే దిగుతున్న."

మాణిక్ ఆమె మూట వైపు, బస్సు వైపు చూశాడు.

"మరి... నువ్వు కాదా? నీకు తెలుగస్తది గద బిడ్డా, నువ్వన్న చెప్పు అని..."

ముసలమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. మూట గుండెలకు అదుముకుంది.

"నీకు తెలుగస్తదని నాకు ఇప్పుడే ఎర్కైతాంది సారు" అంది మెల్లగా. "ఈ ఊర్ల ఎవ్వలకు ఎర్క?"